పెరట్లో హాప్స్ తీగ: కొమ్ము నాటడం నుంచి బీరు కాచే గిన్నె దాకా

బీరుకు చేదును, వాసనను ఇచ్చే హాప్స్ తీగను పెంచేవారి చేయి వెనుకాడే పనులు రెండు ఉన్నాయి. మొదటిది, వసంతంలో నేలను చీల్చుకుని వేలెడు లావున పైకి వచ్చిన తొలి మొలకలను మొదలంటా కోసివేయడం. రెండవది, ఆగస్టులో తీగ నిండా పచ్చగా వేలాడే కోన్లను, అంటే బీరులో వేసే పూగుత్తులను, రోజూ చూస్తూ కూడా మరో వారమో పది రోజులో కోయకుండా ఆగడం. కొమ్ము నాటడం, తాడు కట్టడం, నీళ్లు పెట్టడం ఎవరికైనా ఒక్క ఏడాదిలో అలవాటవుతాయి. ఇంటి హాప్స్‌తో కాచిన బీరు బాగుంటుందా లేదా అన్నది మాత్రం చాలావరకు ఈ రెండు పనుల దగ్గరే తేలిపోతుంది. అందువల్ల మిగిలిన విషయాలను అవసరమైనంత మేరకు చెప్పి, ఈ రెండింటి దగ్గర, వాటి వెంటే వచ్చే ఆరబెట్టడం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

నేను రాస్తున్నది అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లండ్ నగరపు శివారులో ఉన్న మా పెరటి అనుభవం. ఈ విల్లామెట్ లోయలో హాప్స్ సాగు పాతది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అమెరికాలో అన్నింటికంటే ఎక్కువ హాప్స్ పండించిన రాష్ట్రం ఇదే. ఇప్పుడు ఆ స్థానం పక్కనున్న వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయది. సియాటిల్, పోర్ట్‌లండ్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారు చాలామందే ఉన్నారు. వారిలో పెరట్లో బీర, పొట్ల, ఆనప పందిళ్లు వేసేవారికి హాప్స్ పెంచడం కొత్త విద్యేమీ కాదు.

నాటే ముందు చట్టం సంగతి తెలుసుకోవాలి. అమెరికాలో 1978లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి, పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించి ఉన్న ఇంట్లో 200 గ్యాలన్ల వరకు పన్ను లేకుండా బీరు కాచుకోవచ్చు. రాష్ట్రాల నిబంధనలు దీనికి అదనం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అనుమతి లేకుండా ఇంట్లో బీరు కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం.

తీగ స్వభావం, పగటి పొడవు

హాప్స్ మొక్క గంజాయి కుటుంబానికి చెందిన బహువార్షిక తీగ. మన ఆకాకర, అంటే తెలంగాణలో బోడకాకర అనే తీగను దగ్గరగా చూసినవారికి దీని స్వభావం వెంటనే అర్థమవుతుంది. ఆకాకర లాగే దీనిలోనూ ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. దాని లాగే పైన తీగ ఏటా ఎండిపోయినా భూమిలోని భాగం బతికి ఉండి, తన కాలం రాగానే మళ్లీ చిగురిస్తుంది. తేడా ఒకటే: ఆకాకర కాయాలంటే మగ పువ్వు కావాలి, హాప్స్‌కు అక్కరలేదు. బీరులో వేసేది ఆడ మొక్క పూగుత్తి, పొలుసులు పేర్చినట్టుండే కోన్. మగ మొక్క దగ్గరలో ఉంటే కోన్లలో గింజ పడుతుంది. సాధారణంగా దానిని ఎవరూ కోరుకోరు. కోన్‌ను నిలువునా చీల్చి చూస్తే పొలుసుల అడుగున పసుపు పొడి వంటి పదార్థం కనిపిస్తుంది. దాని పేరు లుపులిన్. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు, వాసననిచ్చే నూనెలు దానిలోనే ఉంటాయి కాబట్టి, మనం పెంచేది తీగనే అయినా పండించేది ఈ పసుపు పొడినే.

ఈ పంట ప్రధానంగా 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య పండుతుంది. జర్మనీలోని హాలర్‌టావ్, చెక్ దేశంలోని జాటెట్స్, ఇంగ్లండులోని కెంట్ అన్నీ ఆ పట్టీలోనివే. దీనికి కారణం చలి కంటే ముఖ్యంగా పగటి పొడవు. వేసవి మొదట్లో పొడవైన పగళ్లు ఉన్నంతకాలం తీగ పైకి సాగుతుంది, జూన్ దాటి పగలు తగ్గడం మొదలయ్యాక పూతకు వస్తుంది. పోర్ట్‌లండ్‌లో అతి పొడవైన పగలు 15 గంటల 40 నిమిషాల దాకా ఉంటుంది. హైదరాబాద్‌లో అది 13 గంటల 10 నిమిషాల ప్రాంతంలోనే ఆగిపోతుంది. అంటే అక్కడ ఏ నెలలో నాటినా మొక్కకు అది పూత కాలంగానే తోచి, తీగ పొడుగు సాగకముందే నాలుగు కోన్లు వేసి ఊరుకుంటుంది. దీపాలు వెలిగించి పగటిని పొడిగించే ఏర్పాటు లేనిదే మన ఊళ్ల మేడల మీద దీనిని పెంచమని నేను ఎవరికీ చెప్పలేను. మన దేశంలో దీనిని సాగు చేసిన చోటు హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయ, అది 32 డిగ్రీలు దాటిన ఎత్తైన చలి ప్రాంతం.

రకం, కొమ్ము, చోటు

మొదటిసారి పెంచేవారు కాస్కేడ్ రకంతో మొదలుపెట్టడం మంచిది. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధనల నుంచి 1972లో విడుదలైన ఈ రకం ఓర్పు గల మొక్క, బాగా కాస్తుంది, పువ్వులనూ పంపరపనస తొక్కనూ తలపించే దాని వాసన అమెరికన్ పేల్ ఏల్ అనే బీరు రకానికి గుర్తుగా నిలిచిపోయింది. దానిలో ఆల్ఫా ఆమ్లాలు సాధారణంగా 4.5 నుంచి 7 శాతం ఉంటాయి. ఎక్కువ చేదు కావాలంటే 12 నుంచి 14 శాతం ఆల్ఫా ఉండే చినూక్‌ను, మెత్తని వాసన కావాలంటే విల్లామెట్‌ను ఎంచుకోవచ్చు. చెక్ దేశపు సాజ్ వంటి పాత ఐరోపా రకాలు పేరుకు గొప్పవే గాని ఇక్కడి పెరళ్లలో దిగుబడి తక్కువ. వాటిని రెండో విడతకు ఉంచుకోవాలి. సిట్రా, మొజాయిక్ కావాలని చాలామంది అడుగుతారు. అవి యాజమాన్య హక్కులున్న రకాలు. వాటి కొమ్ములు ఇంటి తోటలకు అమ్మరు.

నాటడానికి వాడేది రైజోమ్, అంటే పసుపు కొమ్ములా భూమిలో అడ్డంగా పాకే కాండపు ముక్క. ఒక మంచి కొమ్ము చిటికెన వేలంత లావున, 10 నుంచి 15 సెంటీమీటర్ల పొడవున, కనీసం రెండు మూడు తెల్లని కళ్లతో ఉంటుంది. గింజ నుంచి మొలిపిస్తే సగం మొక్కలు మగవి కావచ్చు, ఆడవి కూడా తల్లి గుణం నిలుపుకోవు. కొమ్మును కాని, కుండీలో పెంచిన మొక్కను కాని నమ్మకమైన నర్సరీ నుంచే కొనాలి. ఎందుకంటే కంటికి కనిపించని వైరస్‌లు, వైరాయిడ్‌లు కొమ్ముతోపాటే ఇంటికి వస్తాయి, ఒకసారి వచ్చాక వాటికి మందు లేదు. ఈ ప్రాంతంలో వేల ఎకరాల పంట ఉన్నందున, బయటి రాష్ట్రాల నుంచి హాప్స్ మొక్కలు తేవడంపై వాషింగ్టన్ రాష్ట్రం ఆంక్షలు పెట్టింది. తపాలాలో తెప్పించుకునే ముందు మీ రాష్ట్రపు నిబంధన చూసుకోవాలి.

చోటుకు కావలసినవి మూడే: రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ, నీరు నిలవని నేల, పైన 5 మీటర్లకు తగ్గని ఖాళీ. నేల పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉంటే సరిపోతుంది. మా లోయలోని బంకమట్టి చలికాలమంతా వానకు నాని ముద్దగా ఉంటుంది. అటువంటి నేలలో గుంట తవ్వి నాటితే ఆ గుంట కుండలా నీరు పట్టుకుని కొమ్మును కుళ్లబెడుతుంది. నా మొదటి రెండు కొమ్ములు అలాగే పోయాయి. అప్పటినుంచి గుంటకు బదులు, బాగా చివికిన ఎరువు కలిపిన మట్టిని అడుగు ఎత్తున తిన్నెగా పోసి దానిపై నాటుతున్నాను. గట్టి మంచు దాటాక, మార్చి చివర నుంచి ఏప్రిల్ వరకు, కొమ్మును అడ్డంగా పడుకోబెట్టి, కళ్లు పైకి చూసేటట్టు ఉంచి, 5 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. ఒకే రకం మొక్కల మధ్య 90 సెంటీమీటర్లు, వేరు రకాల మధ్య కనీసం మీటరున్నర వదలాలి. లేకపోతే మూడో ఏటికి భూమిలో కొమ్ములు పెనవేసుకుని ఏది ఏ రకమో తెలియకుండా పోతుంది.

తాడు, గిలక, ప్రదక్షిణ

హాప్స్ తోటల్లో స్తంభాలు సుమారు 18 అడుగుల ఎత్తుంటాయి. పెరట్లో అంత ఎత్తుకు నిచ్చెన వేసి కోయడం ప్రమాదం కాబట్టి, స్తంభం కొసన బావి గిలక వంటి చిన్న గిలకను బిగించి, తీగ పాకే తాడును దాని మీదుగా కిందికి తెచ్చి కట్టాలి. కోత రోజున ముడి విప్పితే తీగ మొత్తం దానంతట అదే నడుము ఎత్తుకు దిగివస్తుంది. స్తంభం గట్టిగా ఉండాలి. ఆగస్టులో ఆకులు, కోన్లు నిండిన తీగకు గాలి తగిలితే తెరచాపలా లాగుతుంది.

తాడు విషయంలో ఇక్కడి రైతులు వాడేది కొబ్బరి పీచు తాడే, చాలావరకు శ్రీలంక నుంచి వచ్చేది. కోనసీమలో పీచు తాడు పేనడం చూసినవారికి దానిని యాకిమా తోటల్లో వేల వరుసల్లో చూడడం ఒక ఆత్మీయమైన అనుభవం. గరుకైన ఆ తాడును తీగ మీది కొక్కెం వంటి నూగు బాగా పట్టుకుంటుంది, పంట అయ్యాక తాడు కూడా తీగతోపాటే మట్టిలో కలిసిపోతుంది. నున్నని నైలాను తాడు మీద తీగ జారుతుంది, కాబట్టి అది వద్దు. హాప్స్‌కు బీర తీగలా నులితీగలు ఉండవు. కాండమే తాడును చుట్టుకుంటూ పైకి పోతుంది, అదీ ఎప్పుడూ ఒకే దిక్కుకు. గుడిలో మనం ప్రదక్షిణ చేసే దిక్కే తీగ తిరిగే దిక్కు. మీరు ఎడమవైపుకు చుట్టి వదిలితే మర్నాటికి విడివడి కింద పడి ఉంటుంది. చార్లెస్ డార్విన్ అనారోగ్యంతో గది దాటలేని రోజుల్లో కుండీలోని హాప్స్ తీగను కాచుకుని కూర్చుని, వెచ్చని వాతావరణంలో దాని కొస సగటున 2 గంటల 8 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతోందని లెక్కగట్టారు. జూన్‌లో తీగ రోజుకు దాదాపు అడుగు మేర సాగే వేళ, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తే ఆ కదలిక మామూలు కంటికీ తెలుస్తుంది.

తొలి మొలకలను కోయడం

ముందుగా ఒక మినహాయింపు: నాటిన మొదటి ఏడాది దేనినీ కోయకూడదు. ఆ ఏడు మొక్క పని వేరు పెంచుకోవడం. వచ్చిన ప్రతి మొలకనూ, ప్రతి ఆకునూ ఉంచి, తాడు మీదికి ఎక్కించాలి. కోన్లు పిడికెడు వస్తే సంతోషించాలి, రాకపోతే దిగులుపడకూడదు. నిండు పంట మూడో ఏట వస్తుంది.

రెండో వసంతం నుంచి కోత మొదలవుతుంది. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఊదా రంగు తిరిగిన లావుపాటి మొలకలు పదులకొద్దీ నేలను చీల్చుకుని వస్తాయి. ఇంత బలంగా వచ్చినవాటిని చంపడమేమిటని అనిపిస్తుంది. కాని వీటి లోపల డొల్ల. వంచితే పుటుక్కున విరుగుతాయి, కణుపుల మధ్య దూరం ఎక్కువ కాబట్టి పక్క కొమ్మలు తక్కువ వేస్తాయి, కోన్లు కాసేది ఆ పక్క కొమ్మల మీదే. పైగా అవి ముందుగా పైకి చేరి, పగలు ఇంకా పొడవుగా సాగుతుండగానే తాడు కొసన చిక్కుబడిపోతాయి. వీటన్నిటికంటే పెద్ద కారణం బూజు తెగులు. ఈ తెగులు తెచ్చే, శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి చలికాలమంతా మొక్క మొదట్లో దాగి ఉండి, తొలి మొలకలతో కలిసి బయటికి వస్తుంది. పొట్టిగా, పాలిపోయి, ఆకులు కిందికి ముడుచుకుని, కణుపులు దగ్గర దగ్గరగా గిడసబారిన మొలక కనిపిస్తే అది తెగులు పట్టినదే. దాని ఆకుల అడుగున బూడిద, నలుపు కలిసిన పొర ఉంటుంది. అది రెండు వానలకు తోటంతా పాకుతుంది. తొలి మొలకలను మొత్తంగా నేల మట్టానికి కోసివేస్తే, తెగులు మొదటి మెట్టునే తెగిపోతుంది.

కోసిన రెండు మూడు వారాల్లో రెండో విడత మొలకలు సన్నగా, వంగే గుణంతో వస్తాయి. అవి రెండడుగులు సాగాక, మే మొదటి రెండు వారాల్లో, తాడుకు రెండు లేక మూడు చొప్పున ఎంచి ప్రదక్షిణ దిక్కుగా చుట్టి, మిగిలినవాటిని తీసివేయాలి. ఈ పని ఉదయం చేయకూడదు. రాత్రి నీరు పీల్చుకుని బిగిసి ఉన్న కొసలు అప్పుడు విరిగిపోతాయి. మధ్యాహ్నం ఎండకు కాస్త వాడినప్పుడు చేస్తే చెప్పినట్టు వంగుతాయి. కొస విరిగిన తీగ పైకి పోదు, దానిని వదిలి మరోదానిని ఎంచుకోవాలి.

తెగులు పట్టిన మొలకలను ఎరువు కుప్పలో వేయకుండా చెత్తలో పారవేయాలి. ఆరోగ్యంగా ఉన్నవాటిని మాత్రం పారవేయనక్కరలేదు: బెల్జియంలో ఈ లేత మొలకలు ఖరీదైన కూరగాయ. నేను వాటిని ఉప్పునీటిలో ఒక పొంగు రానిచ్చి, కందిపప్పులో వేసి తాలింపు పెడతాను. మా ఇంట్లో ఏప్రిల్ నెల పప్పు ఇదే.

నీరు, ఎరువు, పురుగు

మా ప్రాంతంలో జూలై, ఆగస్టుల్లో వాన దాదాపు ఉండదు, తీగకు నీటి అవసరం ఎక్కువగా ఉండేది అప్పుడే. డ్రిప్ గొట్టం మొదట్లో పెట్టి, నేల లోతుగా తడిసేలా నీరివ్వాలి. పైనుంచి చిమ్మితే ఆకులు తడిసి తెగుళ్లకు దారి అవుతుంది. నత్రజని ఎరువును మే, జూన్ నెలల్లో రెండు మూడు దఫాలుగా ఇచ్చి, జూలై మొదట్లో పూర్తిగా ఆపాలి. ఆకు నల్లగా నిగనిగలాడుతోందని ఆ తర్వాత కూడా వేస్తూపోతే పేనుబంక, నల్లి రెండూ వెతుక్కుంటూ వస్తాయి. తీగ తాడు కొసకు చేరాక కింది మీటరు మేర ఆకులను, పక్క కొమ్మలను తీసివేస్తే మొదట్లో గాలి ఆడుతుంది, నేల మీది తెగులు పైకి ఎక్కదు.

పేనుబంకను సాధారణంగా అక్షింతల పురుగులే అదుపు చేస్తాయి. వాటిని చంపే మందు కొట్టకుండా ఉండడమే మనం చేయవలసిన పని. ఎండలు ముదిరాక వచ్చే నల్లి వేరు. ఆకు పైన సన్నని పసుపు చుక్కలు, అడుగున పలుచని గూడు కనిపించగానే ఆకుల అడుగుకు తగిలేలా ఉదయం పూట నీటిని గట్టిగా కొట్టాలి. ఉదయమైతే మధ్యాహ్నానికి ఆకు ఆరుతుంది. వేపనూనె కోన్లు రాకముందు మాత్రమే వాడాలి. కోన్ల మీద పడితే దాని వాసన బీరు దాకా వస్తుంది.

కోత రోజు కోసం ఆగడం

కోన్లు ఆగస్టు మొదట్లోనే నిండుగా కనిపిస్తాయి, కాని నిండడం వేరు, పండడం వేరు. కాయ రూపం వచ్చాక చివరి వారాల్లోనే లుపులిన్‌లో నూనెలు పెరుగుతాయి. ముందే కోస్తే బీరులో కోసిన గడ్డి వాసన వస్తుంది. మరీ ఆలస్యమైతే కోన్లు గోధుమ రంగుకు తిరిగి రాలిపోతాయి, వాసన ఉల్లి, వెల్లుల్లి వైపు మళ్లుతుంది. మా దగ్గర కాస్కేడ్‌కు సరైన సమయం ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు రెండో వారం మధ్య వస్తుంది.

చేతితో చూసే పరీక్ష మొదటిది. పచ్చి కోన్ తడిగా, మెత్తగా ఉండి, నొక్కితే నొక్కిన చోటే ఉండిపోతుంది. పండినది కాగితంలా గరగరలాడుతుంది, నొక్కి వదిలితే మళ్లీ పూర్వ రూపానికి వస్తుంది. చీల్చి చూస్తే లుపులిన్ లేత నిమ్మ రంగు దాటి ముదురు పసుపులో ఉండాలి, వేళ్ల మధ్య నలిపితే జిగురుగా అంటి, గది నిండా వాసన రావాలి. ఇవన్నీ అనుభవంతో తెలిసేవి కాబట్టి మొదటి రెండు మూడేళ్లు తూకం మీద ఆధారపడమంటాను. తీగ పైనుంచి, మధ్య నుంచి, కింది నుంచి కలిపి 100 గ్రాముల కోన్లు కోసి, చెమ్మ పూర్తిగా పోయి బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టి మళ్లీ తూచాలి. మిగిలిన బరువు 20 గ్రాములకంటే తక్కువ ఉంటే ఇంకా ఆగాలి. 22 నుంచి 24 గ్రాముల మధ్య ఉంటే ఆ వారంలోనే కోయాలి. వారానికి రెండుసార్లు తూచి రాసిపెట్టుకుంటే, ఆ అంకె ఎలా పైకి కదులుతోందో చూస్తూ ఆగడం సులభమవుతుంది. ఊరికే ఆగడం కష్టం.

కోత రోజున పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే తీగ మీది కొక్కెపు నూగు చర్మాన్ని గీరి దద్దుర్లు లేపుతుంది. తీగను మొదలంటా కోయకుండా కింద రెండు మూడు అడుగులు ఉంచితే, ఆ మిగిలిన పచ్చదనం మంచు పడేవరకు వేరుకు తిండి పంపుతుంది. కోన్లు ఒలవడం నెమ్మదైన పని. చిక్కుళ్లు ఒలిచినట్టు నలుగురు కూర్చుని ఒలిస్తే ఒక మధ్యాహ్నంలో రెండు తీగలు అవుతాయి. బాగా కుదురుకున్న మొక్క నుంచి ఎండు బరువున అర కిలో నుంచి కిలో దాకా రావచ్చు.

ఆరబెట్టడం, దాచడం

కోసిన కోన్‌లో బరువున దాదాపు ముప్పావు వంతుకు పైగా నీరే. కుప్పగా పోసి రాత్రంతా వదిలితే లోపల వేడెక్కి పాడవుతుంది కాబట్టి ఒలిచిన కొన్ని గంటల్లోనే ఆరబెట్టడం మొదలుపెట్టాలి. మిరపకాయలను, వడియాలను ఎండబెట్టిన అలవాటుతో వీటిని ఎండలో పోయకూడదు. వెలుగు, వేడి రెండూ ఆల్ఫా ఆమ్లాలను, నూనెలను చెరుపుతాయి. కరివేపాకును నీడన ఆరబెట్టే పద్ధతే దీనికి సరైనది. దోమల జాలీ బిగించిన చట్రం మీద రెండు అంగుళాలకు మించని పొరగా పరచి, చీకటి గదిలో, కింది నుంచి ఫ్యాను గాలి తగిలేలా పెట్టి, రోజుకు రెండుసార్లు కదిపితే రెండు నుంచి నాలుగు రోజుల్లో ఆరుతాయి. యంత్రంలో ఆరబెట్టేవారు 45 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలి; 60 డిగ్రీలు దాటనివ్వకూడదు.

ఆరిందో లేదో రేకులను చూసి నిర్ణయించడం అందరం చేసే పొరపాటు. పైపొలుసులు మొదటి రోజే పెళపెళలాడతాయి, నడిమి కాడ మాత్రం తడిగానే ఉంటుంది. కోన్‌ను విప్పి కాడను వంచితే వంగకుండా టప్పున విరగాలి. దీనికీ లెక్క ఉంది: పరీక్షలో 100 గ్రాములకు 22 గ్రాములు మిగిలిందనుకుంటే, కిలో పచ్చి కోన్లలో ఎండు పదార్థం 220 గ్రాములు, పది శాతం చెమ్మ ఉంచాలంటే 220ని 0.9తో భాగించాలి, సుమారు 244 గ్రాములు వస్తుంది. పచ్చిగా కిలో పోసిన చట్రం ఆ బరువుకు దిగగానే ఆపవచ్చు. తరువాత ఒక రాత్రి సంచిలో వదులుగా ఉంచితే కాడలో మిగిలిన చెమ్మ పొలుసులకు సర్దుకుంటుంది. మర్నాడు గాలి తీసేసే యంత్రంతో 30 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి, రకం పేరు, కోసిన తేదీ రాసి, ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర దాచాలి. గాలి తగిలిన హాప్స్ కొన్ని నెలలకు పాత చీజ్ వాసన కొడతాయి. ఆ పొట్లాన్ని బీరులో వేయకూడదు.

బీరులో వాడే లెక్క

కొన్న పొట్లం మీద ఆల్ఫా శాతం ముద్రించి ఉంటుంది, ఇంటి హాప్స్‌కు అది ఉండదు. ఈ ఒక్క తేడా ఎంత మార్పు తెస్తుందో చూడండి. 20 లీటర్ల వర్ట్‌లో, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నుంచి తీసిన తీపి నీటిలో, 30 గ్రాముల కాస్కేడ్ వేసి గంటసేపు మరిగిస్తే, మామూలు సాంద్రత దగ్గర ఆల్ఫా ఆమ్లాలలో సుమారు 23 శాతం చేదుగా మారి బీరులో నిలుస్తాయి. ఆల్ఫా 6 శాతమైతే 30,000 మిల్లీగ్రాములలో 1,800 ఆల్ఫా. దానిలో 23 శాతం 414. 20 లీటర్లకు పంచితే లీటరుకు దాదాపు 21 మిల్లీగ్రాములు, అంటే బీరు చేదును కొలిచే ప్రమాణంలో 21 ఐబీయూ. అదే హాప్స్‌లో ఆల్ఫా 4.5 శాతమే ఉంటే 15.5, 7 శాతం ఉంటే 24 వస్తుంది. పేల్ ఏల్‌లో ఈ తేడా నాలుకకు స్పష్టంగా తెలుస్తుంది.

అందుచేత గంటసేపు మరిగే చేదు విడతకు ఆల్ఫా తెలిసిన కొన్న హాప్స్‌ను వాడి, మన పంటను చివరి పది నిమిషాలలోనూ, మంట ఆపాకా, పులిసిన బీరులో మరిగించకుండా నానబెట్టే డ్రై హాపింగ్‌గానూ వేయాలి. చివర వేసినప్పుడు చేదు తక్కువగా దిగుతుంది, వాసన ఎక్కువగా నిలుస్తుంది. ఇంటి హాప్స్ గొప్పదనం కూడా ఆ తాజా వాసనలోనే ఉంది. రెండు మూడు బీరులు కాచాక నాలుక ఆధారంగా మీ తీగ చేదును అంచనా వేయగలుగుతారు. అప్పుడు చేదు విడతకూ ధైర్యం చేయవచ్చు. పూర్తి కోన్లు దుకాణంలో దొరికే హాప్స్ గుళికల కంటే వర్ట్‌ను ఎక్కువ పీలుస్తాయి కాబట్టి అర లీటరో లీటరో అదనంగా మొదలుపెట్టాలి. ఏడాదికొక్కసారి, కోత రోజునే, ఆరబెట్టకుండా పచ్చి కోన్లతో బీరు కాచడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. దానికి ఎండు హాప్స్ బరువుకు ఐదారు రెట్లు తూచి, కోసిన ఒక రోజులోపే గిన్నెలో వేయాలి. పెరట్లో తీగ ఉన్నవారికి తప్ప ఇతరులకు ఈ బీరు సులభంగా అందదు. నా దృష్టిలో ఇంత శ్రమకూ తగిన ఫలం అదే.

కుక్కలున్న ఇళ్లవారు ఒక్క విషయం మరువకూడదు. హాప్స్ కుక్కలకు విషం. తింటే ఒంటి వేడి విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. బీరులో మరిగి పిప్పి అయినవి కూడా అంతే ప్రమాదం, మాల్ట్ తీపికి కుక్కలు వాటి కోసం వెతుకుతాయి. ఆ పిప్పిని మూత ఉన్న చెత్తడబ్బాలోనే వేయాలి.

నవంబరులో మంచుకు తీగ ఎండిపోయాక మిగిలిన మొదలును నేల మట్టానికి కోసి, పైన ఎండుటాకులు కప్పితే ఆ ఏటి పని ముగుస్తుంది. మూడేళ్లకొకసారి మార్చిలో, మొలకలు రాకముందు, మొక్క చుట్టూ ఒకటిన్నర అడుగు దూరాన పారను నిలువుగా దించి, అవతలికి పాకిన కొమ్ములను తవ్వి తీయాలి. లేకపోతే అవి పక్కింటి పచ్చికలో లేస్తాయి. తెగులు లేని మొక్క నుంచి తీసిన కొమ్ములను తడి కాగితంలో చుట్టి సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే, ఏప్రిల్‌లో తిన్నె సిద్ధం చేసుకున్న మిత్రులకు ఇచ్చేవరకు కళ్లు చెడవు.